కోచ్ మారాడు సరే, ఆట మారేదెప్పుడు?

డిసెంబరు నెల కువైట్ ఫుట్‌బాల్ అభిమానులకు కలిసిరాలేదు. ఖతర్‌లో జరిగిన అరబ్ కప్‌లో ఈజిప్టుతో డ్రా చేసుకుని బాగానే మొదలుపెట్టిన కువైట్ జట్టు, ఆ తర్వాత జోర్డాన్ చేతిలో, యూఏఈ చేతిలో ఓడి గ్రూపు దశలోనే ఇంటిదారి పట్టింది. అదే జోర్డాన్ ఫైనల్ దాకా వెళ్ళి, మొరాకోతో 3-2 స్కోరుతో హోరాహోరీగా పోరాడి ఓడింది. దాంతో ఇక్కడి దివానియాల్లో పాత వాదన మళ్ళీ రాజుకుంది. దివానియా అంటే కువైటీల ఇళ్ళలో సాయంత్రాలు నలుగురూ చేరి మాట్లాడుకునే చావడి. మన ఊరి రచ్చబండ లాంటిదే, కాకపోతే సోఫాలు, ఏసీ, టీ ఉంటాయి. అక్కడ ప్రశ్నలు ఎప్పుడూ అవే. తప్పు కోచ్‌దా, ఆటగాళ్ళదా? ఆ కుర్రాణ్ణి ఎందుకు తీసుకోలేదు? ఈ సీనియర్‌ని ఇంకెన్నాళ్ళు ఆడిస్తారు?

విచిత్రం ఏమిటంటే, ఆఫీసులో ఒక వరసలో కువైటీలు తమ జట్టు గురించి అనుకునే మాటలే, పక్క వరసలో మన భారతీయులు మన జట్టు గురించి అనుకుంటున్నారు. పేర్లు మారతాయి, వాదన మారదు. ఈ రెండు జట్లూ గత మూడేళ్ళలో పదేపదే ఎదురెదురు పడ్డవే కాబట్టి, రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే అసలు జబ్బు ఎక్కడుందో తెలుస్తుంది.

పది మ్యాచ్‌లు, ఒక్క గెలుపూ లేదు

ముందుగా జరిగింది గుర్తు చేసుకుందాం. 2023 జులై 4న బెంగళూరు కంఠీరవ స్టేడియంలో శాఫ్ టోర్నీ ఫైనల్. అతిథి జట్టుగా వచ్చిన కువైట్‌తో ఆట 1-1తో ముగిసింది. పెనాల్టీల్లో భారత్ 5-4తో గెలిచింది. అదే ఏడాది నవంబరు 16న కువైట్‌లో, అర్దియా దగ్గరున్న జాబర్ స్టేడియంలో, ప్రపంచ కప్ అర్హత పోటీలో మన్వీర్ సింగ్ గోల్‌తో భారత్ 1-0తో నెగ్గింది. ఆ రాత్రి స్టాండ్లలో మనవాళ్ళ కేకలు విన్నవారెవరూ మర్చిపోలేరు. 2024 జూన్ 6న కోల్‌కతాలో సునీల్ ఛెత్రి వీడ్కోలు మ్యాచ్ కూడా కువైట్‌తోనే. అది 0-0 డ్రా. అయిదు రోజుల తర్వాత కువైట్ అఫ్గానిస్థాన్‌ను 1-0తో ఓడించింది. అదే రోజు భారత్ దోహాలో ఖతర్ చేతిలో 2-1తో ఓడింది. ఖతర్ తొలి గోల్‌కు ముందు బంతి గీత దాటిపోయిందన్న గొడవ అందరికీ తెలిసిందే. చివరికి 7 పాయింట్లతో కువైట్ మూడో రౌండ్‌కు వెళ్ళింది, 5 పాయింట్లతో భారత్ ఆగిపోయింది.

అప్పుడు మనం కువైట్‌ను చూసి అసూయపడ్డాం. కానీ ఆ మూడో రౌండే కువైట్‌కు పీడకల అయింది. దక్షిణ కొరియా, ఇరాక్, జోర్డాన్, ఒమన్, పాలస్తీనా ఉన్న గ్రూపులో పది మ్యాచ్‌లు ఆడి అయిదు డ్రాలు, అయిదు ఓటములు మూటగట్టుకుంది. కొట్టిన గోల్స్ 7, ఇచ్చినవి 20. గ్రూపులో అట్టడుగు స్థానం. బస్రాలో ఇరాక్ మీద 2-0 ఆధిక్యంలో ఉండి, ఆఖరి అదనపు నిమిషాల్లో రెండు గోల్స్ ఇచ్చేసి 2-2తో వచ్చారు. సొంత గడ్డ మీద మ్యాచ్ ఆడుకునే వీలే లేని పాలస్తీనా జట్టు, 2025 జూన్‌లో కువైట్‌కు వచ్చి 2-0తో గెలిచి వెళ్ళింది. కువైటీలను ఎక్కువగా బాధించింది ఈ ఓటమే. ఆ తర్వాత సోల్‌లో కొరియా చేతిలో 4-0తో కథ ముగిసింది.

ఇక వాదన ఎందుకు రాదు?

రెండు శిబిరాలు

కోచ్‌ను తప్పుపట్టేవారి మాటలో బలం లేకపోలేదు. 2022 నుంచి జట్టును నడిపిన పోర్చుగల్ కోచ్ రుయి బెంతో హయాంలోనే కువైట్ మూడో రౌండ్‌కు చేరింది. చేరీ చేరగానే ఆయన స్థానంలో హువాన్ ఆంటోనియో పిజ్జీ వచ్చాడు. పిజ్జీ చిన్నవాడేమీ కాదు. 2016లో చిలీకి కోపా అమెరికా అందించాడు. 2018 ప్రపంచ కప్‌లో సౌదీ అరేబియా కోచ్ ఆయనే. అయినా జట్టుకు ఒక రూపం వచ్చేసరికే అర్హత అవకాశాలు జారిపోయాయి. 2024 డిసెంబరులో కువైట్‌లోనే జరిగిన గల్ఫ్ కప్‌లో మాత్రం ఈ జట్టే యూఏఈని 2-1తో ఓడించింది, ఒమన్, ఖతర్‌లతో డ్రా చేసుకుంది, సెమీఫైనల్‌లో బహ్రెయిన్ చేతిలో ఒక్క గోల్ తేడాతో ఓడింది. ఆ బహ్రెయినే కప్పు గెలిచింది. 'ఆటగాళ్ళలో సత్తా ఉంది, వాడుకోవడమే రాలేదు' అనేవారు ఈ టోర్నీనే సాక్ష్యంగా చూపిస్తారు. చివరికి పిజ్జీ వెళ్ళిపోయాడు, హెలియో సౌసా వచ్చాడు. 2019లో బహ్రెయిన్‌కు తొలి గల్ఫ్ కప్ అందించిన అనుభవం ఆయనది. ఆయన వచ్చాకా అరబ్ కప్‌లో దక్కింది ఒక్క డ్రా.

రెండో శిబిరం ఎంపికను తప్పుపడుతుంది. 1990లో పుట్టిన యూసఫ్ నాసర్ మీదే ఇంకా గోల్స్ కోసం ఆధారపడటం ఏమిటని వారి ప్రశ్న. అంతకుముందు బదర్ అల్ ముతవ్వా విషయంలోనూ ఇదే మాట. ఆయన 2022 దాకా దేశం తరఫున 196 మ్యాచ్‌లు ఆడాడు. అది ప్రపంచ రికార్డు. 2023 మార్చిలో క్రిస్టియానో రొనాల్డో దాటేదాకా అది చెక్కుచెదరలేదు. దేశానికి అది గర్వకారణమే. కానీ ఒక ఆటగాడు అన్నేళ్ళు తప్పనిసరి అయ్యాడంటే, ఆయన గొప్పతనంతో పాటు వెనక వచ్చేవారి కొరత కూడా అందులో ఉంది.

ఈ రెండు శిబిరాలూ ఒక విషయంలో ఏకమవుతాయి. ఎవరో ఒకర్ని మారిస్తే సరిపోతుందని ఇద్దరూ నమ్ముతారు. ఆ నమ్మకం దగ్గరే నాకు పేచీ.

జోర్డాన్‌తో పోల్చి చూడండి

2024 సెప్టెంబరు 5న అమ్మాన్‌లో జరిగిన మ్యాచ్‌తో కువైట్, జోర్డాన్ రెండూ మూడో రౌండ్ మొదలుపెట్టాయి. రెండు జట్లకూ కొత్త కోచ్‌లే. కువైట్‌కు పిజ్జీ, జోర్డాన్‌కు మొరాకో దేశస్థుడు జమాల్ సలామీ. ఆట 1-1తో ముగిసింది. నవంబరులో కువైట్‌లో ఆడినప్పుడూ 1-1. అంటే రెండు మ్యాచ్‌ల్లోనూ కువైట్‌ను జోర్డాన్ ఓడించలేకపోయింది. అయినా జోర్డాన్ 16 పాయింట్లతో గ్రూపులో రెండో స్థానం సాధించి, చరిత్రలో తొలిసారి ప్రపంచ కప్‌కు అర్హత పొందింది. కువైట్ 5 పాయింట్లతో చివర మిగిలింది.

ఒకే రోజు, ఒకే మైదానంలో, ఇద్దరు కొత్త కోచ్‌లతో సమానంగా మొదలైన రెండు జట్లు ఇంత దూరం ఎలా జరిగాయి? సలామీకి ముందు జోర్డాన్‌కు హుసేన్ అమ్మూతా కోచ్. ఆయనా మొరాకో వాడే. 2024 ఫిబ్రవరిలో ఆసియా కప్ ఫైనల్‌కు తీసుకెళ్ళాడు. ఆయన వెళ్ళాక వచ్చిన సలామీ ఆ జట్టును చెదరగొట్టలేదు. ఉన్న పునాది మీదే మరో అంతస్తు కట్టాడు. పైగా ఆ జట్టు ముఖ్య ఆటగాళ్ళు బయటి లీగుల్లో రాటుదేలారు. మూసా అల్ తమారీ ఫ్రాన్స్‌లో ముందు మోంపెలియే, ఇప్పుడు రెన్ క్లబ్బుకు ఆడుతున్నాడు. యజాన్ అల్ నైమత్ ఖతర్ లీగులో ఆడాడు. సొంత దేశంలో క్లబ్బులు పెద్ద జీతాలివ్వలేవు కాబట్టి జోర్డాన్ కుర్రాడు బయటికి వెళ్తాడు. మన రాయచోటి, రాజంపేట, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు విమానం ఎక్కినవాళ్ళకు ఈ లెక్క వేరే చెప్పనక్కర్లేదు.

కువైట్ కుర్రాడికి ఆ అవసరం లేదు. ఇంట్లో లోటు లేదు, క్లబ్బు ఆటతో పాటు ప్రభుత్వ ఉద్యోగం ఉన్నవారూ ఉంటారు. సౌకర్యాన్ని తప్పుపట్టలేం. కానీ జాతీయ జట్టులో దాదాపు అందరూ ఆ కొద్ది స్థానిక క్లబ్బుల్లోనే, ఒకరితో ఒకరు ఆడుకుంటూ పెరిగితే, సాన్ హ్యూంగ్ మిన్ లాంటివాడు ఎదురుపడిన రోజున ఆ వేగం ఎక్కడినుంచి వస్తుంది? అది కోచ్ శిబిరంలో పది రోజుల్లో నేర్పేది కాదు.

పోయిన రెండేళ్ళ వడ్డీ

దివానియాల్లో అంతగా వినపడని ఇంకో కారణం ఉంది. 2015 అక్టోబరులో ప్రభుత్వ జోక్యం పేరుతో ఫిఫా కువైట్‌ను సస్పెండ్ చేసింది. 2017 డిసెంబరు దాకా ఎత్తివేయలేదు. ప్రపంచ కప్ అర్హత పోటీలు మధ్యలోనే పోయాయి. 2019 ఆసియా కప్ పోయింది. అప్పటికి ఏఎఫ్‌సీ కప్ సెమీఫైనల్స్‌లో ఉన్న కువైట్ ఎస్సీ, ఖాదిసియా క్లబ్బులు కూడా టోర్నీ నుంచి బయటికి రావాల్సి వచ్చింది.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. 2015లో 16 నుంచి 18 ఏళ్ళున్న కుర్రాడికి 2025లో 26 నుంచి 28 ఏళ్ళు. ఫుట్‌బాల్ ఆటగాడు పూర్తి పదునులో ఉండే వయసు అదే. జట్టుకు వెన్నెముక కావాల్సింది ఈ తరమే. సరిగ్గా ఆ తరమే, యువజన జట్ల నుంచి పెద్ద జట్టుకు మారే కీలకమైన రెండేళ్ళు, బయటి దేశాలతో ఒక్క పోటీ మ్యాచ్ కూడా లేకుండా గడిపింది. ఈరోజు ఏ కోచ్ వచ్చి జాబితా రాసినా, ఆ జాబితాలో మధ్య వరస పలచగానే ఉంటుంది. అందుకే పైన సీనియర్లు, కింద అనుభవం లేని కుర్రాళ్ళు కనిపిస్తారు. కార్యాలయాల్లో పెద్దలు పడ్డ తగవుకు మైదానంలో పిల్లలు పదేళ్ళ తర్వాత వడ్డీ కడుతున్నారు.

కువైట్‌కు మంచి రోజులు లేవా అంటే ఉన్నాయి. 1976లో బ్రెజిల్ దిగ్గజం మారియో జగాలో కోచ్‌గా వచ్చాడు. రెండేళ్ళ తర్వాత కార్లోస్ అల్బెర్టో పరేరా ఆ పని అందుకుని 1982 దాకా ఉన్నాడు. ఆరేళ్ళపాటు ఒకే దారి. ఫలితంగా 1980లో ఆసియా కప్, ఫైనల్లో కొరియా మీద 3-0 గెలుపు. 1982లో స్పెయిన్ ప్రపంచ కప్. చెకొస్లొవేకియాతో 1-1 డ్రా. ఫ్రాన్స్‌తో మ్యాచ్‌లో షేక్ ఫహద్ మైదానంలోకి దిగి గోల్ రద్దు చేయించిన ఘట్టం ఇప్పటికీ ప్రపంచమంతా చెప్పుకుంటుంది. గల్ఫ్ కప్ పదిసార్లు గెలిచిన దేశం ఇది, ఆ రికార్డు ఇంకెవరికీ లేదు. నేటి కోపం వెనుక ఆ జ్ఞాపకం ఉంది.

మన ఇంటి సంగతి

ఇప్పుడు మన జట్టు వైపు చూద్దాం. ఖతర్ మ్యాచ్ తర్వాత ఇగోర్ స్టిమాచ్‌ను తీసేశారు. మనోలో మార్కెజ్ వచ్చాడు. హైదరాబాద్ అభిమానులకు ఈ పేరు ప్రీతిపాత్రమే. 2021-22లో హైదరాబాద్ ఎఫ్‌సీకి ఐఎస్‌ఎల్ టైటిల్ తెచ్చింది ఆయనే. కానీ జాతీయ జట్టుతో 8 మ్యాచ్‌ల్లో ఆయనకు దక్కింది మాల్దీవుల మీద ఒకే ఒక్క గెలుపు. ఆ సమయంలో ఎఫ్‌సీ గోవాకు కూడా ఆయనే కోచ్. రెండు పడవల మీద కాళ్ళు పెట్టించింది మన సమాఖ్యే. 2025 ఆగస్టులో ఖాలిద్ జమీల్ వచ్చాడు. సెప్టెంబరులో ఒమన్‌ను పెనాల్టీల్లో ఓడించి ఆశలు రేపాడు. అక్టోబరు 14న గోవాలో సింగపూర్ చేతిలో 2-1 ఓటమితో 2027 ఆసియా కప్ తలుపు మూసుకుపోయింది. నవంబరులో ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో 1-0. వారి చేతిలో మనం ఓడటం 22 ఏళ్ళలో తొలిసారి. 2023 జులైలో 99గా ఉన్న ర్యాంకు 2025 నవంబరులో 142కు పడిపోయింది.

ఎంపిక గొడవ ఇక్కడా అదే. రిటైరైన ఛెత్రిని 40 ఏళ్ళ వయసులో 2025 మార్చిలో వెనక్కి పిలిచారు. చాలామంది కోప్పడ్డారు. కానీ ఆ ఏడాది ఐఎస్‌ఎల్‌లో భారతీయుల్లో ఎక్కువ గోల్స్ కొట్టింది ఆయనే! మరి కోచ్ ఎవర్ని పిలవాలి? ఐఎస్‌ఎల్ మొదలైన 2014 నుంచి ఇప్పటిదాకా అత్యధిక గోల్స్ వీరుడి బహుమతి ఒక్క భారతీయుడికీ దక్కలేదు. క్లబ్బులన్నీ గోల్ కొట్టే స్థానంలో విదేశీ ఆటగాణ్ణి పెట్టుకుంటాయి. గెలవాలి కాబట్టి వారికది న్యాయమే. జాతీయ కోచ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ స్థానం ఖాళీ. ఎంపికలో తప్పు వెతికే మనం, ఎంచుకోవడానికి ఎందరున్నారన్నది చూడం.

2025 చివర్లో ఆ లీగే సందిగ్ధంలో పడింది. సమాఖ్యకు, వాణిజ్య భాగస్వామికి మధ్య ఉన్న 15 ఏళ్ళ ఒప్పందం 2025 డిసెంబరు 8తో ముగిసింది. కొత్తగా టెండరు పిలిస్తే ఒక్క బిడ్డూ రాలేదు. 2025 డిసెంబరు నాటికి ఆ సీజన్ మొదలే కాలేదు. కువైట్ రెండేళ్ళు ఆట లేక ఏం పోగొట్టుకుందో కళ్ళముందే ఉంది. మన కుర్రాళ్ళకు ఒక్క సీజన్ పోయినా ఆ నష్టం 2030ల్లో తేలుతుంది. అప్పుడు మళ్ళీ మనం కోచ్‌నే తిడతాం.

హైదరాబాద్ చూపిన దారి

ఈ చర్చలో తెలుగువారు ప్రేక్షకులు మాత్రమే అనుకోకూడదు. భారత ఫుట్‌బాల్ స్వర్ణయుగానికి కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదీ, వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. 1950 నుంచి 1963లో కన్నుమూసేదాకా జాతీయ జట్టు ఆయన చేతిలోనే ఉంది. 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. ఆయన ఒక్కడి మాయ కాదది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు, నగరంలోని మైదానాలు, టోర్నీలు ఆయనకు ఆటగాళ్ళను అందించాయి. మంచి కోచ్, చేతినిండా ఆటగాళ్ళు, తగినంత సమయం, మూడూ ఒకచోట కలిశాయి.

అదే నగరానికి ఈరోజు ఐఎస్‌ఎల్ క్లబ్బు లేదు. ఆర్థికంగా చితికిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలిపోయి వేరే పేరు పెట్టుకుంది. గచ్చిబౌలిలో ఆడే జట్టును చూసి బంతి పట్టాలనుకున్న పిల్లలకు ఆ కల కూడా తరలిపోయింది.

ఆశ లేదా అంటే ఉంది. 2025 జులైలో మన మహిళల జట్టు థాయిలాండ్‌ను వారి గడ్డపైనే 2-1తో ఓడించి, అర్హత పోటీల్లో గెలిచి ఆసియా కప్‌కు వెళ్ళడం ఇదే తొలిసారి అనిపించుకుంది. అప్పటి కోచ్ క్రిస్పిన్ ఛెత్రి భారతీయుడే. ఆ జట్టులో నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య ఉంది. 2024-25కు దేశంలో ఉత్తమ క్రీడాకారిణి ఆమే. పురుషుల జట్టు మీద జరిగే చర్చలో పదో వంతు ఈ అమ్మాయిల మీద జరగదు.

మన పిల్లలు ఏ జట్టుకు?

విదేశాల్లో ఉన్న మనకు ఈ విషయం ఇంకోలా తగులుతుంది. సాల్మియాలో, ఫహాహీల్‌లో సాయంత్రం అకాడమీలకు వెళ్ళే పిల్లల్లో మన తెలుగు పిల్లలూ ఉన్నారు. ఇక్కడే పుట్టినా వారికి కువైట్ పౌరసత్వం ఉండదు కాబట్టి కువైట్ జెర్సీ దక్కదు. చేతిలో ఉన్నది భారత పాస్‌పోర్టు. నియమాల ప్రకారం భారత్‌కు ఆడవచ్చు. కానీ గల్ఫ్‌లో పెరుగుతున్న పిల్లవాడి ఆట ఎవరు చూస్తారు, ఏ శిబిరానికి పిలుస్తారు అన్నదానికి తల్లిదండ్రులకు తెలిసిన దారి లేదు.

అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో ఉన్నవారి చిక్కు దీనికి తలకిందులు. ఓసీఐ కార్డు ఉన్నా భారత్‌కు ఆడటానికి లేదు. పాస్‌పోర్టు ఉండాలి. ఆస్ట్రేలియాలో పుట్టిన ర్యాన్ విలియమ్స్ ఆ దేశ పౌరసత్వం వదులుకున్నాకే భారత జట్టు గుమ్మం తొక్కగలిగాడు. బంగ్లాదేశ్ మాత్రం ఇంగ్లండ్‌లో పుట్టి పెరిగిన హంజా చౌధురిని తెచ్చుకుంది. ఢాకాలో మనల్ని ఓడించిన జట్టులో అతనున్నాడు. నియమం మార్చాలా వద్దా అన్నది పెద్ద చర్చ. దేశంలో పిల్లలకు మైదానాలు లేకుండా బయటి నుంచి తెచ్చుకుంటే లాభమేమిటన్న వాదనలోనూ న్యాయముంది. కానీ పాస్‌పోర్టు ఉన్న గల్ఫ్ పిల్లలను చూడటానికి ఏ చట్టమూ మార్చనక్కర్లేదు. సమాఖ్య ఏడాదికి ఒకసారి దుబాయ్‌లోనో కువైట్‌లోనో ఎంపిక శిబిరం పెడితే చాలు. మన తెలుగు సంఘాలు ఏటా క్రికెట్ టోర్నీలు పెడతాయి. వాటి పక్కన పిల్లల ఫుట్‌బాల్ పోటీ ఒకటి పెట్టి, ఆ శిబిరం కోసం సమాఖ్యకు మిగతా భారతీయ సంఘాలతో కలిసి విన్నవించవచ్చు.

అభిమానుల మాటకు విలువ లేదనుకోవద్దు. 2024 సెప్టెంబరులో ఇరాక్‌తో మ్యాచ్ రోజు జాబర్ స్టేడియం దగ్గర జనం మండుటెండలో గేట్ల బయట నిలిచిపోయారు, నీళ్ళకు కటకటలాడారు. ప్రజల ఆగ్రహానికి రోజుల్లోనే కువైట్ ఫుట్‌బాల్ సంఘం అధ్యక్షుడు, కార్యవర్గం రాజీనామా చేయాల్సి వచ్చింది. టికెట్లు, నీళ్ళ విషయంలో అంత పట్టుగా అడిగినవారు, ఆట విషయంలోనూ అంతే పట్టుగా అడగవచ్చు. కోచ్‌కు ఎన్నేళ్ళు ఇస్తున్నారు? లీగులో 21 ఏళ్ళలోపు కుర్రాళ్ళకు ఎన్ని నిమిషాల ఆట దక్కుతోంది? ఎందరిని బయటి లీగులకు పంపారు? ఈ మూడింటికీ అంకెలతో జవాబు చెప్పమనాలి.

ఇరవై మూడు మందిలో ఎవరుండాలన్న వాదన మానేయమని నేననను. అది లేకపోతే ఆట చూడటంలో సరదా ఏముంది? కువైట్‌కు 2027 ఆసియా కప్ ఉంది, వాళ్ళకు వాదించుకోవడానికి ఇంకో ఏడాది సరుకు దొరికింది. మనకు అదీ లేదు. కాబట్టి ఈ ఖాళీలోనైనా మనం అడగాల్సింది వచ్చే కోచ్ ఎవరని కాదు. ఈరోజు పన్నెండేళ్ళున్న పిల్లలు ఎక్కడ, ఎవరితో ఆడుతున్నారని.